చికిత్సానంతర పరీక్షలు: రాచపుండు నుండి కోలుకొన్నవారి యెడ మన కర్తవ్యము

(మన సంఘ వార్షికమహాసభ రెండవనాటి ప్రాతఃకాల సమావేశమున చదువబడిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యాభివృద్ధినిగూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మాకు వ్రాసిరి. విద్యాభివృద్ధినిగూర్చి చెప్పవలసినదంతయు ఈ వేదికనుండి మా కంటె పెద్దలు పలుమారులు చెప్పియేయున్నారు; మన వసతిగృహమునందలి బాలురు దానిని కంఠస్థము చేసియుందురు. కావున కార్యదర్శిగారి యనుమతితో వేఱొక విషయమును గ్రహించితిమి. పూర్వులు రాచపుండనియు, నేటివారు క్యాన్సరనియు పిలుచు రోగమునకు చికిత్స ముగించుకొన్నవారు పిమ్మట ఎన్ని సంవత్సరములు, ఏయే పరీక్షలకు, ఎందులకు పోవలయును. పోలేనివారికి మన సంఘము చేయదగిన సాయమేమి. ఇదియే నేటి ప్రసంగవిషయము.

ఈ విషయమును గ్రహించుటకు గల కారణమును దాచము. మన సహాయనిధినుండి నోటిలోని పుండునకు శస్త్రచికిత్స చేయించుకొనిన యొక సోదరుడు, చిల్లరదుకాణము పెట్టుకొని జీవించువాడు, రెండు మాసములకొకసారి హైదరాబాదునకు పరీక్షకు పోవుటకు దారిఖర్చులు కోరుచు నిధి యుపసంఘమునకు దరఖాస్తు పంపెను. "రోగము కుదిరినదని వైద్యులే చెప్పిరిగదా, మఱల ఖర్చెందులకు?" అని యుపసంఘములో నొకరు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న దయలేక యడిగినది కాదు. నిధి చిన్నది, అర్థులు పెక్కండ్రు. అయినను ఆ ప్రశ్నకు తగిన సమాధానము దొరకక ఆ దరఖాస్తు నేటికిని నిర్ణయింపబడకయే యున్నది. మేము తెలిసికొనగలిగినంతవరకు ఆ సమాధానమును మీ యెదుట నుంచుచున్నాము.

మొదట మాటను విచారింతము. సుశ్రుతసంహితయందు నిదానస్థానమున అర్బుదమను గడ్డనుగూర్చి చెప్పుచు, మునుపు పుట్టిన చోటనే మఱల పుట్టుదానిని అధ్యర్బుదమనియు, రెండు జతగా పుట్టినవానిని ద్విరర్బుదమనియు ఆచార్యుడు పేరులు పెట్టియున్నాడు. చికిత్సాస్థానమున, దోషము కొంచెము మిగిలియున్నను అర్బుదము శీఘ్రముగా మఱల పుట్టునని హెచ్చరించినాడు. నాటి యర్బుదమును నేటి క్యాన్సరును అన్నివిధముల నొక్కటియే యని మేము వాదింపము. అట్లు వాదించుట పాండిత్యము కాదు. అయినను, కోసివైచినంతమాత్రమున పని ముగియలేదను నెఱుక మన దేశమున క్రొత్తది కాదని మాత్రము చెప్పవచ్చును. అప్పులోను, నిప్పులోను, పగలోను శేషముంచరాదని మన యిండ్లలో ముదుసళ్లు చెప్పుమాటయు నిట్టిదే.

నేటి వైద్యులు చెప్పున దేమన: కత్తికిని, కిరణములకును, మందులకును లోబడక కొన్ని కణములు దేహమున దాగియుండవచ్చును. అవి కంటికి గాని యే స్కానునకు గాని యగపడనంత సూక్ష్మములు. అందువలననే జాగ్రత్తగల వైద్యుడు చికిత్సాంతమున "రోగము పోయినది" అని చెప్పుటకు వెనుదీసి, "ఇప్పుడు రోగచిహ్నములు కానరావు" అని మాత్రము చెప్పును. ఈ రెండుమాటలకు నడుమ నున్న భేదమును రోగియు, రోగి బంధువులును గ్రహింపవలయును. పరీక్షలో నుత్తీర్ణుడగుట వేఱు, ఇంతవరకు తప్పులు దొరకకుండుట వేఱు. మొదటి మాట విన్నవాడు ఆసుపత్రి దారి మఱచును. రెండవమాట విన్నవాడు చీటీలో వ్రాసిన తేదీని గుర్తుంచుకొనును.

ఇక కాలనియమము. ఇది యన్ని యవయవముల రోగములకు నొక్కరీతిగా నుండదు. మన కోస్తాజిల్లాలవారికి మిక్కిలి సంబంధించినది నోటి రోగము గనుక దానినే ముందుగా గ్రహింతము. పొగాకు మన నేలలో పండు పంట, మన నోటిలో మండు మంట. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్టయొక్క మండుకొనను నోటిలోనికి త్రిప్పి పీల్చు అడ్డపొగ యాచారము, అందును స్త్రీలలో, తరతరములుగా గలదు. 1971వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో శ్రీకాకుళముజిల్లా గ్రామస్థులను 10,169 మందిని పరీక్షించి, ఈ యలవాటువలన అంగిలియందు కలుగు మార్పులను వైద్యులు వర్ణించిరి. ఇప్పుడు అడ్డపొగ తగ్గుచుండగా గుట్కా, ఖైనీ ఆ స్థానమును కాజేయుచున్నవి. నోటికిని గొంతుకును చికిత్సపొందినవారికి రోగము మఱల వచ్చినచో అధికభాగము మొదటి రెండు మూడేండ్లలోనే వచ్చును. అందువలన మొదటి సంవత్సరమున నెలకు గాని, రెండు మూడు నెలలకు గాని యొకసారియు, రెండవయేట రెండు మొదలు ఆఱు నెలలకొకసారియు, పిమ్మట నయిదవయేడు ముగియువఱకు నాలుగు మొదలు ఎనిమిది నెలలకొకసారియు, అటుపైన నేటేటను వైద్యుడు నోరు తెఱపించి చూడవలయునని నియమము.

ఈ చూచుటలో యంత్రముల యాడంబరము స్వల్పము. వెలుతురు, అద్దము, చేతితొడుగు, అనుభవముగల వ్రేలు, ఇవియే ముఖ్యసాధనములు. నాలుకక్రిందను, దవడమూలను, మెడలోని గ్రంథులను తడిమి చూచుటచే దొరకునది పెక్కుమారులు స్కానుకంటె ముందే దొరకును. చిన్నదిగా నున్నప్పుడు దొరికిన పుండును మఱల కోసివేయవచ్చును. మ్రింగుడు పడకపోవునంతవఱకు ఆగి వచ్చినవానికి ఆ యవకాశము తఱచుగా నుండదు. మన దుకాణదారుడు రెండు నెలలకొకసారి పోవలసిన యావశ్యకత ఇదియే. ఇంకొకమాట. పొగాకుచే నోరంతయు ఏండ్లకొలది తడిసియున్నందున మొదటి పుండునకు సంబంధములేని క్రొత్తరోగము నోటిలో మఱియొకచోటనో, గొంతులోనో, ఊపిరితిత్తిలోనో పుట్టవచ్చును. చికిత్స ముగిసినదని సంతసించి మఱల చుట్ట వెలిగించువానిని చూచినప్పుడు మాకు కలుగు కోపమును ఈ సభామర్యాదనుబట్టి యిచ్చట వివరింపము.

స్త్రీలకు వచ్చు రొమ్ము రోగమునందు కాలము దీర్ఘముగా నుండును. మొదటి మూడేండ్లు మూడు మొదలు ఆఱు నెలలకొకసారి, పిమ్మట రెండేండ్లు ఆఱు మొదలు పండ్రెండు నెలలకొకసారి, అటుపైన నేటేటను వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలయును. మిగిలిన రొమ్మునకు నేటేటను మామోగ్రాము తీయించుకొనవలయును. కిరణచికిత్స పొందిన రొమ్మునకైనచో ఆ చికిత్స ముగిసిన యాఱు నెలలకు ముందుగా తీయింపరాదు. అయిదేండ్లు దాటినచో గండము గడచినట్లే యని మనవారిలో నొక నమ్మకము గలదు. కొన్ని రోగముల విషయమున అది చాలవఱకు సత్యము. కాని హార్మోనులచే పెరుగుజాతి రొమ్ము రోగము ఇరువదియేండ్ల వఱకును మఱల రాగలదని 2017వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలనవలన స్థిరపడినది. ఇట్టివారికి అయిదేండ్లు మొదలు పదియేండ్ల వఱకు ప్రతిదినము ఒక మాత్ర నిత్తురు. ఒడలు వేడియెక్కుచున్నదనియు, కీళ్లు నొచ్చుచున్నవనియు కొందఱు సోదరీమణులు వైద్యునికి చెప్పకయే దానిని మానివేయుదురు. బాధయున్నచో చెప్పుకొనుడు, మందు మార్చుటకు వీలుగలదు. చెప్పక మానుట మాత్రము చికిత్సను సగములో నిలుపుటయే.

పెద్దప్రేగు రోగమునకు శస్త్రచికిత్స పొందినవారికి రక్తములో సి.ఇ.ఏ. యను పదార్థమును మూడు మొదలు ఆఱు నెలలకొకసారి కొలుతురు. మొదటి యేడు ముగియునప్పటికి కొలనోస్కోపీయను గొట్టపుపరీక్షయు, అది నిర్దుష్టముగా నున్నచో మఱల మూడేండ్లకును, అటుపైన నయిదేండ్లకొకసారియు చేయుదురు. కడుపునకును ఛాతికిని సి.టి. స్కానులు నియమితకాలమున నుండును. గర్భాశయద్వార రోగమునకు మొదటి రెండేండ్లు మూడు మొదలు ఆఱు నెలలకొకసారి పరీక్ష. తక్కిన రోగములకును వానివాని లెక్కలు గలవు. అవన్నియు చదివినచో మధ్యాహ్నభోజనము చల్లారును. మేము చెప్పినవి సామాన్యనియమములు; ఎవరి లెక్క వారి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీయే.

ఇచ్చట సభలోని ధనవంతులకు నొక విన్నపము. పేదవాడు పరీక్షకు పోక చెడుచుండగా, కలిగినవాడు అక్కఱలేని పరీక్షలకు పోయి చెడుట మేము చూచుచున్నాము. "సొమ్మెంతయినను చింతలేదు, తలనుండి పాదమువఱకు స్కాను తీయుడు" అని వైద్యుని నిర్బంధించువారు కలరు. ఎంత యెక్కువ వెదకిన నంత మేలని తోచుట సహజమే. కాని తోచినదెల్ల సత్యము కాదు. 1994వ సంవత్సరమున ఇటలీదేశమున రొమ్ము రోగమునకు చికిత్సపొందిన స్త్రీలపై జరిగిన రెండు పరిశోధనలు ప్రకటింపబడినవి. ఒకదానిలో 1,320 మంది, వేఱొకదానిలో 1,243 మంది. ఒక వర్గమువారికి వైద్యుని పరీక్షయు, మామోగ్రామును మాత్రమే ముఖ్యముగా జరిపిరి. రెండవవర్గమువారికి వానితోపాటు ఎముకల స్కానులు, ఛాతీ ఎక్స్‌-రేలు మొదలగునవి నియమముగా తీసిరి. ఏ బాధయు లేనివారికి అదనముగా తీసిన స్కానులవలన ఆయువు పెరుగలేదు. అందుచే రొమ్ము రోగమునందు బాధలు లేనివారికి నియమముగా పెట్ స్కానులు, ఎముకల స్కానులు, రక్తములోని గుర్తుపదార్థముల పరీక్షలు వలదని పెద్దవైద్యసంఘములు సలహా చెప్పుచున్నవి. పెద్దప్రేగు రోగమునందు స్కానులకు స్థానమున్నను, వానిని మితిమీఱి తఱచుగా తీయుటవలన మరణములు తగ్గలేదని 2018వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. అందు 2,509 మందిని పరిశీలించిరి. ఇంతేకాక ఒక్క ఛాతీ సి.టి. తీయుటలో దేహమునకు సోకు కిరణము పదులకొలది సామాన్యపు ఎక్స్‌-రేలకు సమానము.

ఇట్లు చెప్పుటచే స్కానులు వ్యర్థములని గ్రహింపవలదు. తగినకాలమున తగినకారణముచే తీసిన స్కాను మహోపకారి. పెట్ స్కాను పనిచేయు విధమును మేము విని యాశ్చర్యపడితిమి. క్యాన్సరు కణములు చక్కెరను మిక్కుటముగా తినును. కావున చక్కెరవంటి యొక పదార్థమునకు కిరణము వెదజల్లు ఫ్లోరినును జతచేసి నరములోనికి ఎక్కింతురు. ఒక గంట కూరుచుండబెట్టి, పిమ్మట యంత్రములోనికి పంపి, ఎచ్చట నధికముగా చేరినదో చిత్రము తీయుదురు. ఆ ఫ్లోరినుయొక్క శక్తి ఇంచుమించు 110 నిమిషములకు సగమగును. గనుక దానిని నిలువచేయ వీలులేదు; చెప్పిన వేళకు పోకున్నచో తయారుచేసిన మందు వ్యర్థమగును. ముందుగా నాలుగు మొదలు ఆఱు గంటలు ఉపవాసముండవలయును, మంచినీరు త్రావవచ్చును. మధుమేహము గలవారు రక్తములో చక్కెరను అదుపునందుంచుకొని, తమ మందులను ఎప్పుడు వేసికొనవలెనో ముందే యడిగి తెలిసికొనవలయును. ముందునాడు కఠినమైన వ్యాయామము కూడదు. సూది వేసినపిమ్మట మాటలాడకుండ విశ్రమించి యుండవలయును. కదలిన కండరము చక్కెరను తినును, మాటలాడిన గొంతు తాను కూడ ప్రకాశించి వైద్యుని భ్రమపెట్టును. ఒక గంట మౌనము మన వృత్తిలోనివారికి కష్టమే, కాని యసాధ్యము కాదు.

ఈ పెట్ స్కానునందు వెలిగినదెల్ల క్యాన్సరు కాదనుట మీరు ముఖ్యముగా గుర్తింపవలసిన సంగతి. వాపును, చీమును, మానుచున్న గాయమును చక్కెరను తినునవియే. అందువలన తల, మెడ రోగములకు కిరణములును మందులును కలిపి యిచ్చినపిమ్మట పండ్రెండు వారములకు గాని ఈ స్కాను తీయరు; ముందే తీసినచో చికిత్సవలని మంటను రోగమని భ్రమింతురు. 2016వ సంవత్సరమున ప్రకటింపబడిన ఆంగ్లదేశపు పరిశోధనలో 564 మంది రోగులను పరిశీలించి, పండ్రెండవవారమున ఈ స్కాను తీసి చూచినచో అనేకులకు మెడకు శస్త్రము తప్పింపవచ్చునని నిరూపించిరి. మన దేశమున మఱియొక చిక్కు గలదు. క్షయరోగము మనలో ప్రబలముగా నున్నది. ఛాతిలోని గ్రంథి వెలిగినచో అది తిరిగివచ్చిన క్యాన్సరో, క్షయయో స్కాను చెప్పజాలదు. చిన్నముక్క తీసి పరీక్షించు బయాప్సీయే చెప్పవలయును. కాగితముపై నొక పంక్తి చదివి, కుటుంబమంతయు ఏడ్చి, ఆస్తిపంపకములకు పూనుకొని, తుదకది క్షయగ్రంథియని తేలి, ఆఱుమాసముల మందులతో కుదిరిన యుదంతము లేకపోలేదు. స్కాను కాగితమును రోగియు బంధువులును తమంతట తాము అర్థము చేసికొనరాదు. చూపవలసినవానికి చూపుడు.

పరీక్షకు పోనివారి మాటకు వత్తము. దారిఖర్చు ఒక కారణము. దానిని ముందు చెప్పెదము. భయము రెండవ కారణము. తేదీ దగ్గరపడుకొలది నిద్రపట్టకపోవుట, అన్నము సయింపకపోవుట, ఇంటనున్నవారిపై విసుగుకొనుట ఈ పరీక్షలకు పోవువారిలో మిక్కిలి సామాన్యము. ఇది పిఱికితనము కాదు. కర్ర పామని తోచిన చీకటిగదిలోనికి మఱల మఱల పోవలసినవాని స్థితి యది. "ధైర్యముగా నుండుము" అను మాటకంటె "మేమును వెంట వచ్చెదము" అను మాట వారికి పథ్యము. పరీక్ష చేసిన దినముననే ఫలితము చెప్పుమని ఆసుపత్రిలో ముందుగా నడిగి ఏర్పాటు చేసికొన్నచో నడుమ నున్న దినముల బాధ తగ్గును.

ఆషాఢమనియు, శూన్యమాసమనియు, ఇంట శుభకార్యమనియు తేదీలను త్రోసివేయువారును కలరు. ఔషధసేవనమునకు ముహూర్తములు జ్యోతిషగ్రంథములలో చెప్పబడినమాట నిజమే. కాని వైద్యుడు నియమించిన దినమున రోగి పోరాదని చెప్పు వాక్యము ఇన్నియేండ్ల మా చదువులో మాకెచ్చటను కనబడలేదు. కనబడినవారు చూపినచో కృతజ్ఞులమగుదుము.

అన్నిటికంటె కఠినమైన కారణము మన సంఘములోనిదే. ఒక తల్లికి రొమ్ము రోగమునకు చికిత్స జరిగినది. కుమార్తె పెండ్లియీడునకు వచ్చినది. తల్లి ఆఱునెలలకొకసారి క్యాన్సరు ఆసుపత్రికి పోవుచున్నదని తెలిసినచో సంబంధము రాదని భయపడి, ఆమె పోవుట మానుకొనును. పెండ్లి కానిండు, పిమ్మట పోయెదననును. ఈ పిమ్మట యనునది కొందఱికి రాలేదు. మహాజనులారా! ఈ పాపములో ఆ తల్లికి భాగము లేదు. సంబంధము చూచునప్పుడు చెవిలో చెవిలో రోగములను విచారించు మనకే కలదు. ఈ రోగము అంటువ్యాధి కాదు. ఒకే కంచమున తిన్నను, ఒకే చాపపై పరుండినను రాదు. వంశమునుబట్టి వచ్చునది నూటికి 5 మొదలు 10 వఱకు మాత్రమే యని వైద్యుల యంచనా. ఆ కొద్ది కుటుంబములలోనైనను దాచుటవలన కీడేగాని మేలులేదు. తల్లి రోగముయొక్క స్వభావము తెలిసినచో కుమార్తె ముందుగా పరీక్ష చేయించుకొని తన్ను తాను కాపాడుకొనగలదు. మన సంఘపత్రికలో వివాహప్రకటనలు ప్రతిసంచికయందును పడుచున్నవి. "ఆరోగ్యవంతమైన వంశము" అను మాటను ఆ ప్రకటనలలో వ్రాయరాదని సంపాదకవర్గము నియమించినచో, అది చిన్నపనియే యైనను, ఒకరిద్దఱు తల్లులను ఆసుపత్రికి పంపగలదని మా నమ్మకము.

పరీక్షకు పోవునది రోగము తిరిగివచ్చినదో లేదో చూచుటకు మాత్రమే కాదు. చికిత్సయే విడిచిపోయిన బాధలను చూచుటకును. ఇది మనవారు బొత్తిగా నెఱుగరు. దవడకు కిరణములు పొందినవాడు పన్ను నొచ్చినదని సంతలోని పండ్లవైద్యునిచే పీకించుకొనినచో ఆ గాయము మానక దవడయెముకయే కుళ్లవచ్చును. పన్ను తీయకముందు కిరణచికిత్స పొందితినని చెప్పి, క్యాన్సరు వైద్యుని యడిగియే తీయించుకొనవలయును. మెడకు కిరణములు పొందినవారికి థైరాయిడు గ్రంథి మెల్లమెల్లగా మందగించును. అలసటయు, చలియు, మలబద్ధకమును వయసువలన కలిగినవని యూరకుండక ఆఱు మొదలు పండ్రెండు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకొనవలయును. కొన్ని మందులు గుండెను బలహీనపఱచును. కొన్ని యెముకలను పెళుసుచేయును. ముట్లుడిగిన స్త్రీ టామాక్సిఫెన్ మాత్ర తినుచుండగా రక్తము కనబడినచో వెంటనే చెప్పవలయును. చంకలోని గ్రంథులు తీసినపిమ్మట చేయి బరువెక్కి వాచినచో దానికి వ్యాయామములును, కట్టును గలవు. ఇవన్నియు చెప్పినచో కుదురునవి, చెప్పకున్నచో ముదురునవి.

పరీక్షల నడుమ క్రొత్తబాధ యేదియైనను, అనగా గడ్డగాని, మూడువారములకు మానని నోటిపుండుగాని, తగ్గని దగ్గుగాని, రక్తస్రావముగాని, కారణములేని చిక్కుటగాని, నానాటికి హెచ్చు ఎముకనొప్పిగాని కలిగినచో చీటీలోని తేదీకై కాచియుండక పోవలయును. తిరిగివచ్చిన రోగములలో పెక్కు రోగి చెప్పిన మాటవలననే బయటపడునుగాని యంత్రమువలన కాదు.

కాగితములనుగూర్చి బడిపంతులుగా నొకమాట చెప్పక పోలేము. ఆసుపత్రినుండి వచ్చిన సంచిని అటకపై పారవైచి, ఎలుకలకు సమర్పించువారు మనలో పలువురు. చికిత్సాసారాంశమును, ముక్కపరీక్ష నివేదికను, ఇచ్చిన మందుల పేరులను, కిరణముల మోతాదును, పూర్వపు స్కానుల పలకలను క్రమముగా నొక్కచోట నుంచవలయును. క్రొత్త స్కానును పాతదానితో పోల్చినప్పుడే దానికి అర్థము. రెండేండ్లనుండి మాఱక యున్న మచ్చ భయకారణము కాదు. పాతపలక లేనిచో అదియే మఱియొక బయాప్సీకి దారితీయును. బడిలో హాజరుపట్టీ లేని తరగతివంటిది కాగితములులేని రోగి.

ఇప్పుడు ఖర్చుమాట. మా చిన్ననాట ఈ రోగమునకు చికిత్సయన్నచో 1941వ సంవత్సరమున స్థాపింపబడిన బొంబాయి టాటా ఆసుపత్రికో, 1954వ సంవత్సరమున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు స్థాపించిన మద్రాసు అడయారు సంస్థకో పోవలసివచ్చెడిది. ఇప్పుడు హైదరాబాదున మెహదీ నవాజ్ జంగు పేరిటి ప్రభుత్వసంస్థయు, బసవతారకము ఆసుపత్రియు, విశాఖపట్టణసమీపమున అగనంపూడివద్ద టాటావారి హోమీభాభా ఆసుపత్రియు, తిరుపతియందు సంస్థలును గలవు. కావున దూరము తగ్గినది; ఐనను కూలికి పోవువానికి ఒకదినము పోవుటయే నష్టము. రైలులో క్యాన్సరు రోగులకు చికిత్సకే గాక నియమితపరీక్షలకు పోవుటకును రాయితీ గలదని మనలో చాలమందికి తెలియదు. స్లీపరుతరగతియందును, మూడవ ఏ.సి. తరగతియందును రోగికి మొత్తము చార్జీయు, వెంట పోవువానికి నూటికి 75 వంతులును తగ్గింతురు. దీనికి ఆసుపత్రి వైద్యుడు నిర్ణీతపత్రముపై వ్రాసియీయవలయును. చికిత్స ముగిసి యింటికి వచ్చునాడే ఆ పత్రమును అడిగి తెచ్చుకొనుట మేలు. ప్రభుత్వ వైద్యబీమాపథకములవలన ఏయే పరీక్షలకు సాయము దొరకునో ఆసుపత్రియందలి ఆరోగ్యమిత్రను విచారింపవలయును. ప్రతిమారు పట్టణమునకు పోనక్కఱలేని పరీక్షలు కొన్నిగలవు. రక్తపరీక్షవంటివానిని మీ యూరి వైద్యునియొద్దనే చేయించి పంపవచ్చునా యని పెద్దాసుపత్రిలో నడుగుడు, పెక్కుచోట్ల సమ్మతింతురు.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి మేము మధ్యాహ్నపు కార్యనిర్వాహకసమావేశమున ఒక తీర్మానమును ప్రవేశపెట్టుచున్నాము. సహాయనిధినుండి శస్త్రచికిత్సకు ధనమొసంగునప్పుడే, ఆ మొత్తములో నొకభాగమును పిమ్మటి పరీక్షల దారిఖర్చులకై ప్రత్యేకించి యుంచవలయును. మొత్తము పెంచుమని మేము కోరుటలేదు, విభజింపుమని కోరుచున్నాము. శస్త్రచికిత్సకు ధనమిచ్చునాడు ఛాయాచిత్రము తీయింతుము, సంచికలో ప్రకటింతుము. పదునాఱవసారి పరీక్షకు పోవువానికి రైలుటిక్కెట్టు కొనియిచ్చుటలో చిత్రమునకు తగిన సన్నివేశము లేదు. అందుచేతనే దానికి దాతలు కొఱతపడుచున్నారని మా యనుమానము. పోషకులు క్షమింతురుగాక. నిలిచియున్న ఆ దరఖాస్తును ఈ తీర్మానముతోపాటు పరిష్కరింపవలయును; ఆ సోదరుని తదుపరి పరీక్ష వచ్చుమాసముననే.

హైదరాబాదునందలి మన వసతిగృహమున వేసవిలో గదులు ఖాళీగా నుండును. తక్కిన కాలమున నేలయంతస్తులోని రెండు గదులలో పాతబల్లలు పేర్చబడియున్నవి. ఆ బల్లలను వేలమువేసి, గదులకు సున్నముకొట్టించి, రోగికిని వెంటవచ్చినవారికిని రెండు రాత్రులు ఉచితముగా నిచ్చునట్లు వసతిగృహపు వార్డెనుగారు సమ్మతించిరి. స్త్రీలకు తోడుపోవుటకు మహిళాశాఖవారిలో నలుగురు తమ పేరులిచ్చియున్నారు. పురుషులలో ఇంకను ఎవ్వరును ఇయ్యలేదు. పేరులు వ్రాసికొనుటకు పుస్తకము ద్వారమువద్ద కోశాధికారిగారి బల్లపై నున్నది. భోజనమునకు పోవునప్పుడు ఆ దారినే పోవలయును.